జవాబుల పెట్టె

ఏమడిగినా బదులిచ్చే పెట్టెలు ఇంటింటికీ వచ్చేశాక కాకినాడలో వాదులాటలే కరువయ్యాయి. పెళ్లయిన నాటి నుంచి దేవుడు లేడంటున్న భర్త రత్నారావు నోరు మూయించాలని, నాంచారమ్మ గోంగూర వలుస్తూ పెట్టెనే అడిగింది.

"దేవుడున్నాడా?"

"ఆ ప్రశ్నకు అర్థం లేదండీ. దేవుడంటే ఏమిటో మీలో ఎవరూ చెప్పలేదు."

నాంచారమ్మ తెల్లబోయింది. గెలవనందుకు రత్నారావు ముఖమూ వాడిపోయింది.

"అర్థం లేదంటుందేంటే! ఇన్నేళ్లూ మనం పోట్లాడుకుంది ఉత్తినేనా?"

"దాని మొహం! దానికేం తెలుసండీ?" అంటూ ఆమె పెట్టె మీట నొక్కి ఆపేసింది.

ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "సరే చెప్పు, నీ దేవుడెలా ఉంటాడు?"

ఆ మాట ఆయన అడగడం అదే మొదటిసారి. నాంచారమ్మ పకపకా నవ్వి, చెప్పడం మొదలుపెట్టింది.