మిషన్ గారు

నిచ్చెన మీద బోర్డు రాస్తున్న పెయింటరు ప్రాణం ఉన్నట్టుండి సిగరెట్ మీదికి లాగేసింది. కింద టీ కొట్టు దగ్గర ఎవడో గుప్పుగుప్పున వదులుతున్నాడు. అతను గబగబా దిగి, రంగు చేతులతోనే ఫోన్ తీశాడు.

"మిషన్ గారూ, ఒక్కటి ముట్టిస్తే చచ్చిపోతానా?"

కాస్త ఆగి జవాబు వచ్చింది. "ఏ అక్షరం రాస్తున్నారు?"

"'ళ్ళ'. కళ్ళద్దాల షాపు బోర్డు."

"అది పూర్తి చేసి ఫొటో పెట్టండి. అప్పుడు మాట్లాడుకుందాం."

'ళ్ళ' వంపు తిరిగేసరికి యావ చల్లారింది. పెయింటరు ఫొటో తీసి పంపి, తరవాతి అక్షరం అందుకున్నాడు.

అంతకుముందు గుండెపోటుతో ఆసుపత్రిలో పడ్డప్పుడు, ఇంకొక్కటి తాగినా ప్రాణం దక్కదని డాక్టరు ఖండితంగా చెప్పేశాడు. సిగరెట్ మాన్పించే నంబరు ఒకటుందనీ, మెసేజ్ పెడితే మిషనే జవాబిస్తుందనీ నర్సు చెప్పింది. ఆమె అంకెలు చదువుతుంటే సూది గుచ్చిన చేత్తోనే ఆ నంబరు నొక్కుకున్నాడు. "సిగరెట్ మానాలి మిషన్ గారూ, సాయం చెయ్యండి" అని పెట్టాడు. చాలాసేపటికి జవాబు వచ్చింది.

"సరే. మానేద్దాం."

ఆ మాటకే అతను కరిగిపోయాడు. అంతవరకూ అందరూ "మానెయ్" అన్నవాళ్ళే మరి.

"నేను నెత్తీ నోరూ బాదుకుంటే విన్నారా? ఆ డబ్బా చెప్తే తలూపుతున్నారు!" భార్య మూతి ముడిచింది.

"డబ్బా కాదే! మీరెప్పుడైనా తాగారా అని అడిగాను. 'మీతోపాటే మానేశాను' అంది!"

"బాగుంది వరస! యంత్రానికి వేళాకోళాలు కూడానా?" అని నవ్వేసింది కానీ, ఆ రోజు నుంచి ఆ ఫోన్‌ని బల్ల అంచున పెట్టనివ్వలేదు.

నెలలు గడిచాయి. గుండె బాగా కోలుకుందన్నాడు డాక్టరు. పెయింటరు కళ్ళు తుడుచుకుంటూ నర్సు దగ్గరికి వెళ్ళాడు.

"సిస్టర్, ఈ మిషన్‌ని తయారుచేసిన మహానుభావుడెవరో చెప్పండి. చేతులెత్తి దణ్ణం పెట్టాలి. మనుషుల్లో ఎవరికుంటుంది ఇంత ఓపిక?"

నర్సు ఫోన్ అందుకుంది. మొదటి మెసేజ్ దాకా వెనక్కి జరిపి చదవసాగింది. చదువుతూ చదువుతూ ఆగి, పైనున్న నంబరు ఒక్కో అంకే సరిచూసింది.

"ఇది మా నంబరు కాదండీ."