అరచేతిలో కర్పూరం

అరచేతిలో కర్పూరం వెలిగిస్తే అమ్మవారికి కాలదు, మనిషికి కాలుతుంది. ఒంటి మీదికి నిజంగా పోచమ్మ వచ్చిందో, ఉత్త వేషమో తేల్చడానికి ఆర్మూర్‌లో పోచమ్మ గుడి వాడవాళ్లు నమ్మే పరీక్ష అదొక్కటే.

దివ్యశ్రీ మనిషి. కాలుతుందని ఆమెకు బాగా తెలుసు. అయినా ఊర పండుగ నాడు, పోచమ్మ గుడి ముందు, తడి జుట్టు విరబోసుకుని డప్పుల వైపు నడుస్తోంది. పూనకం నటించబోతోంది. భయం మాత్రం నటన కాదు.

అంతా ఓ సీటు తెచ్చిన తంటా. హైదరాబాద్‌లో థియేటర్ డిగ్రీలో ఆమెకు సీటు వచ్చింది. చేరడానికి రేపే ఆఖరు. పసుపు కమీషన్ వ్యాపారం చేసే తండ్రి గంగాధర్ ససేమిరా అన్నాడు.

"ఫిజియోథెరపీ చదువు, నలుగురి నడుములు బాగైతయి. లేకుంటే హోటల్ మేనేజ్‌మెంటో, టూరిజమో చదువు, నేనేమన్న వద్దంటున్ననా? గీ నాటకాల డిగ్రీ ఏంది బిడ్డా? ఏషాలేసెటోళ్లకు గూడ పట్టాలిస్తున్నరా?"

ఏడ్చింది. అన్నం మానేసింది. తల్లి చేత చెప్పించింది. రాయికి చెప్పినా కరిగేదేమో గానీ గంగాధర్ కరగలేదు.

ఆయన ఎదురు చెప్పని గొంతు ఒక్కటే ఉంది. అది పోచమ్మది. ఏటా ఊర పండుగకు పోచమ్మ వచ్చేది నాయనమ్మ రత్నవ్వ ఒంటి మీదికే. అమ్మవారు కన్నెర్ర చేసిన ఏడాది తాత పేకముక్కలు పొయ్యిలో పెట్టాడు. నా బిడ్డలు బిందెలు మోసి మోసి వంగిపోతున్నరని గర్జించిన ఏడాది పెరట్లో బోరు పడింది. రత్నవ్వ కుడి అరచేతిలో రూపాయి బిళ్లంత నల్లటి మచ్చ ఉంది. మొదటిసారి పూనినప్పుడు అమ్మవారు వేసిన ముద్ర అంటారు. పండుగ నాడు వాడంతా వరసకట్టి ఆ మచ్చను కళ్లకద్దుకుంటుంది.

మోకాళ్లు అరిగాక రత్నవ్వ పూనకం ఆగిపోయింది. ఇప్పుడు ఎవరికి పూనినా పరీక్ష పెట్టేది ఆమే. నిరుడు అదే వాడలోని నడిపయ్య కోడలు ఊగీ ఊగీ, కర్పూరం చూడగానే పరుగో పరుగు. ఆమెను ఇప్పటికీ కర్పూరం కోడలనే పిలుస్తారు.

నాయనమ్మ చెవిలో ముందే ఓ మాట వేద్దామా అనుకుంది దివ్యశ్రీ. అమ్మవారి పేరు మీద అబద్ధమంటే ఆ ముసలామె ప్రాణం తీస్తుందని భయపడి ఊరుకుంది.

డప్పులు జోరందుకున్నాయి. చిన్నప్పటి నుంచి నాయనమ్మను చూసిందే. ముందు ఊపిరి, తర్వాత మెడ, ఆ తర్వాత జుట్టు. అదే వరసలో ఊగింది. 'తప్పు చేస్తున్న తల్లీ, కండ్లు తియ్యకు' అని లోపల మొక్కుకుంటూనే ఒక్క కేక పెట్టింది.

జనం పక్కకు జరిగారు. గంగాధర్ చేతులు జోడించి ముందుకు వచ్చాడు.

"ఎవలమ్మా నువ్వు? ఏం గావాలె తల్లీ?"

"నన్ను గుర్తువట్టవారా బాలుడా? నా బిడ్డను ఇంట్ల కట్టేస్తవా? అది అడిగిన సదువుకు పంపు. లేకుంటే నీ పసుపు రాసులల్ల పురుగు పడ్తది."

గంగాధర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. కానీ ఆయన తమ్ముడు ఎంకటి అంత తేలికగా పడే రకం కాదు.

"పోచమ్మకు గిప్పుడు కాలేజి సీట్లు గూడ సూసుకునుడైతుందా అన్నా?" అన్నాడు. తల్లి వైపు తిరిగాడు. "అవ్వా, జర కర్పూరం పెట్టు."

పారిపోదామంటే దివ్యశ్రీకి నడిపయ్య కోడలు గుర్తొచ్చింది. నిలబడదామంటే ప్రాణం ఒప్పడం లేదు.

రత్నవ్వ పళ్లెం పట్టుకుని కుంటుకుంటూ వచ్చింది. మనుమరాలి కళ్లలోకి చూసింది. ఎంతసేపటికీ చూపు తిప్పలేదు. దొరికిపోయానని దివ్యశ్రీకి అర్థమైంది. ఇన్నేళ్లు అమ్మవారిని మోసిన మనిషి ముందు దొంగవేషం ఎంతసేపు నిలుస్తుంది?

రత్నవ్వ పళ్లెం పక్కన పెట్టింది. తడి పసుపు ముద్ద తీసి, ఆచారం ప్రకారం, మనుమరాలి కుడి అరచేతికి పూసింది. ముసలితనం కదా, ఏ పనైనా నిదానమే. పూసిన చోటే మళ్లీ పూసింది. నడుమ కర్పూరం బిళ్ల పెట్టి అగ్గిపుల్ల గీసింది.

మంట లేచింది. దివ్యశ్రీ పళ్లు బిగబట్టింది. ఇప్పుడు కాలుతుంది. ఇప్పుడు అరుస్తాను. సీటూ పోతుంది, పరువూ పోతుంది, రేపటి నుంచి ఊళ్లో నాకూ ఓ పేరు పెడతారు. ఇదిగో, ఇప్పుడు కాలుతుంది.

కాలలేదు.

అప్పుడు పట్టుకుంది అసలు భయం. వేషం వేసిన తన మీదికి అమ్మవారు నిజంగానే వచ్చేసిందా?

గంగాధర్ ఆమె కాళ్ల మీద సాగిలపడ్డాడు.

"పంపిస్త తల్లీ. రేపు నేనే తోల్కపోయి చేర్పిస్త. తప్పయింది."

ఎంకటి కూడా గుట్టుగా చెప్పులు విడిచి దండం పెట్టాడు. డప్పులు మళ్లీ మోగాయి. దివ్యశ్రీ చెయ్యి మాత్రం వణుకుతోంది, దాని మీద మంట ఊగుతూనే ఉంది.

రత్నవ్వ మచ్చ ఉన్న తన అరచేతిని మనుమరాలి చేతి కింద ఆనించింది. అమ్మవారికి మొక్కుతున్నట్టు దగ్గరికి వంగి, చెవిలో మెల్లగా అంది.

"చెయ్యి కదిలియ్యకు బిడ్డా, పసుపు రాలితె కాలుతది, నాకు మొదటిసారి గీ ముచ్చట చెప్పెటోళ్లు లేకనే గీ మచ్చ వడ్డది."