కూతురి పేరున

"ఈ పోస్టులు మీ అమ్మాయి రాసినవి కావమ్మా," అంది డాక్టరు, కంప్యూటరు తెరను తల్లి వైపు తిప్పి.

దిగులు జబ్బు నుంచి తేరుకుంటున్నవాళ్లు రోజూ ఆస్పత్రి ఆన్‌లైన్ గ్రూపులో నాలుగు మాటలు రాస్తారు. కంప్యూటరు వాటిని చదివి, మనసు ఎంతవరకు కుదుటపడిందో గ్రాఫు గీస్తుంది. కూతురు మళ్లీ ఉద్యోగంలో చేరవచ్చో లేదో ఇవాళ ఆ గ్రాఫే తేలుస్తుందని తల్లి నమ్మకం.

"అదే రాసిందండీ. ఒట్టు!"

"మూడు నెలల కిందట రాసే తీరే మారిపోయింది. పూటకో సామెత. పాతికేళ్ల పిల్ల 'అత్త మీద కోపం దుత్త మీద' అంటుందా? కంప్యూటరు ఇట్టే పట్టేసింది."

తల్లి చేతిసంచీని ఒళ్లోకి లాక్కుంది. బయట బెంచీ మీద కూతురు కూర్చుని ఉంది. తలుపు వేసి ఉందో లేదో తల్లి ఒకసారి చూసుకుంది.

"ఫోను నా దగ్గర పడేసి, రాయనంటే రాయనని మొండికేసింది డాక్టరమ్మా. గ్రాఫులో గీత కిందికి పడితే మళ్లీ వార్డులో పెడతారని భయమేసింది. తప్పు నాది. దాని నోట్లో మట్టి కొట్టకండి."

"మరి కిటికీ తెరిచానని, పార్కులో నడిచానని, పక్కింటావిడతో కడుపుబ్బ నవ్వానని రాశారే, అన్నీ అబద్ధాలేనా?"

"అయ్యో, అబద్ధం రాయడానికి చెయ్యి రాదండీ. ముందు నేను ఆ పని చేసొచ్చి, ఆ తర్వాతే రాసేదాన్ని. ఆయన పోయాక ఆ కిటికీ తీయడం అదే మొదలు. బోల్టు తుప్పు పట్టి ఓ పట్టాన రాలేదు."

డాక్టరు తెర మీద వేలు పెట్టింది. నేలబారుగా మొదలైన గీత, పడుతూ లేస్తూ, చివరికి తెర పైఅంచు దాకా పాకింది.

"ఇది నాదా?" అంది తల్లి, నమ్మలేనట్టు. వెంటనే తేరుకుంది. "నా సంగతి ఎందుకు లెండి. దాని ఉద్యోగం మాటేమిటి?"

"వారం వారం నా దగ్గరికి వస్తూనే ఉంది. ఉద్యోగంలో చేరవచ్చన్న కాగితం మీద కిందటి నెలే సంతకం పెట్టేశాను."

"మరి ఇవాళ ఎందుకు రమ్మన్నట్టు?"

డాక్టరు నవ్వింది. "మూడు నెలల కిందట మీ అమ్మాయి ఒక మాట చెప్పి వెళ్లింది. 'అమ్మని డాక్టరు దగ్గరికి రమ్మంటే చచ్చినా రాదు. ఫోను ఆవిడ దగ్గర వదిలేస్తున్నాను, ఇకనుంచి గ్రాఫు ఆవిడది చూడండి' అని."