పలుకుబడికి మార్కులు

తలుపు తీయగానే రూమ్ ఫ్రెషనర్ వాసన గుప్పుమంది. దాని వెనకే ఇంకో వాసన. తడిసిన గోనెసంచి వాసన. ప్రవల్లిక ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుంది. చంకలో బాబు దగ్గాడు.

బాబును వదిలి రావడానికి ఇంట్లో ఎవరూ లేరు. ఈ వారంలో ఎన్ని ఇళ్ళు చూసిందో, అన్నింటికీ వాణ్ణి మోసుకునే తిరిగింది. ఎక్కడికెళ్ళినా వాడి దగ్గు మీదే ఆమె చెవి.

"ఏక్‌దమ్ ఫ్రెష్ పెయింట్, మేడమ్!" అన్నాడు విపిన్. ఉత్తరాదిలోని ఇందిరాపురంలో ఇళ్ళు అద్దెకిచ్చే యాప్ కంపెనీలో పనిచేస్తాడు. హిందీ తప్ప ఇంకో భాష రాదు. "పక్క ఫ్లాట్ ఆంటీ వస్తున్నారు. మీ భాషే. ఈ టవర్‌లో ఆంటీకి మంచి పలుకుబడి."

ఆ పలుకుబడికి కొలత కూడా ఉంది. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళతో పాత అద్దెదారులు మాట్లాడాలి. ఆ మాటలు విని ఎంతమంది చేరితే అంత స్కోరు. స్కోరు బాగుంటే అద్దె పెంచరు. పడిపోతే ఇల్లు ఖాళీ చేయమంటారు.

విపిన్ ఫోన్ చూపించాడు. ఒక పెద్దావిడ ఫొటో, కింద ఎర్రగీత. "చూడండి, ఆంటీ స్కోరు డౌన్. మీరు చేరితే బచ్ గయీ, గట్టెక్కినట్టే. లేకపోతే ఈ నెలాఖరుకి ఔట్." క్రికెట్ సంగతి చెప్పినట్టు నవ్వాడు.

ప్రవల్లిక ఆ ఎర్రగీత వంకే చూసింది. ఇరుగుపొరుగు మాటకీ మార్కులే. ఛీ.

లక్ష్మీకుమారి వచ్చింది. చేతిలో కారప్పూస గిన్నె. వస్తూనే బాబు బుగ్గ నిమిరింది.

"మనవాళ్ళేనటగా! ఏ ఊరమ్మా?"

"తుని, ఆంటీ."

"అయ్యో తల్లీ! మాది సామర్లకోట. పక్కపక్కనే!"

విపిన్ ప్రవల్లికకు కన్ను గీటాడు. ప్రవల్లిక బాబును ఆ చేతికి అందకుండా ఇటు చంకకి మార్చుకుంది. ఈవిడ ఎంతమందిని చూసి ఇలాగే మురిసిపోయి ఉంటుంది? ఎన్ని గిన్నెల కారప్పూస పంచి ఉంటుంది?

లక్ష్మీకుమారి హిందీలో మొదలుపెట్టింది. పానీ ఫుల్ టైమ్. ధూప్ బహుత్ అచ్ఛీ, ఎండ బాగా పడుతుందని. గార్డులు మంచివాళ్ళు. ఒక్కో మాటకీ విపిన్ తల ఊపాడు. పాఠం అప్పజెప్పించుకుంటున్న మాస్టారిలా ఉన్నాడు.

వెనక గదిలోకి వెళ్ళాక ప్రవల్లిక తెలుగులో అడిగింది. "ఆంటీ, వీడికి ఆయాసం. చెమ్మ తగలకూడదన్నారు డాక్టరుగారు. ఉన్నమాట చెప్పండి. ఇక్కడ ఉండొచ్చా?"

లక్ష్మీకుమారి ముఖంలో నవ్వు చెదరలేదు. గోడకున్న పెద్ద అలమరను చేత్తో చూపిస్తూ, అదే తీయటి గొంతుతో తెలుగులో అంది.

"నా నవ్వు చూడకు, మాట విను. నువ్వు కూడా తల ఊపుతూ ఉండు. ఈ అలమర వెనక గోడంతా నల్లటి బూజు. పైనుంచి నీళ్ళు కారుతున్నాయి. బాగుచెయ్యకుండా రంగు మీద రంగేస్తున్నారు. మొన్నటిదాకా ఉన్నవాళ్ళ పాపని ఆసుపత్రిలో పెట్టారు. వద్దు తల్లీ, చేరకు."

"క్యా బోల్ రహీ హైఁ, ఆంటీ?" ఏమంటున్నారని అడిగాడు విపిన్.

"అలమారీ కీ తారీఫ్, బేటా. ఇత్నీ బడీ అలమారీ ఆజ్‌కల్ కహాఁ మిల్తీ హై!" ఇంత పెద్ద అలమర ఎక్కడా దొరకదని పొగుడుతున్నానంది.

"సహీ బాత్!" అన్నాడు విపిన్ ఉత్సాహంగా.

ప్రవల్లిక వంగి అలమర సందులోకి చూసింది. గోడ మీద నల్లగా, నూగునూగుగా, ఏదో జంతువు చర్మంలా ఉంది. బాబు ముఖాన్ని భుజానికి అదుముకుంది.

"మరి మీ స్కోరు, ఆంటీ?"

"పోతే పోయింది. అంకుల్‌కి పక్షవాతం. సరోజినీ నగర్ గవర్నమెంటు క్వార్టర్ ఖాళీ చేశాక, ఆసుపత్రి ఎదురుగా ఉంటుందని ఇక్కడికొచ్చాం. ఇది పోతే ఆయన్ని ఎక్కడికి మోసుకెళ్ళాలో నాకు తెలీదు. అలాగని పసివాడి ఊపిరి తీసి నా ఇల్లు నిలబెట్టుకోనా? థూ! అదీ ఒక బతుకేనా?"

ఆ 'థూ' కూడా నవ్వుతూనే అంది. విపిన్ కూడా నవ్వాడు.

ప్రవల్లిక కళ్ళు తుడుచుకుంది. "నాకు చెప్పినట్టు ఇంకెవరికైనా చెప్పారా ఆంటీ?"

"చంటిపిల్లలున్న మనవాళ్ళకి ప్రతి ఒక్కరికీ చెప్పాను. మిగతావాళ్ళకి చెప్పాలంటే హిందీలో చెప్పాలి. వీడు పక్కనే కాపలా ఉంటాడు. ఆ పాపం నన్ను వదలదు." ఒక్క క్షణం ఆమె నవ్వు ఆగింది. మళ్ళీ అతికించుకుంది. "నువ్వు మాత్రం ఎక్కడా అనకమ్మా."

"అనను ఆంటీ." ప్రవల్లిక ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా, చెమటగా ఉంది. ఇందాకటి నుంచీ నవ్వుతున్న మనిషి చెయ్యిలా లేదు.

"తో ఫైనల్, మేడమ్?" అన్నాడు విపిన్.

"ఘర్ మేఁ పూఛ్‌కర్ బతాతీ హూఁ, భయ్యా." ఇంట్లో అడిగి చెబుతానంది ప్రవల్లిక.

లక్ష్మీకుమారి కారప్పూసంతా కాగితంలో పొట్లం కట్టి ఆమె సంచిలో పెట్టింది. లిఫ్టు దాకా వచ్చి, బాబు నెత్తి మీద చెయ్యి పెట్టి, "చల్లగా ఉండు నాన్నా," అంది.

గేటు దాటి నాలుగడుగులు వేశాక, ఇల్లు కావాలన్నట్టు నటించి రమ్మని డబ్బిచ్చి తనను పంపిన యాప్ కంపెనీ మేనేజరుకు ప్రవల్లిక ఫోన్ చేసి, "మీ అనుమానం నిజమే సార్, చంటిపిల్లలున్న మా తెలుగువాళ్ళందరినీ తెలుగులో చెప్పి వెనక్కి పంపించేది ఈ ఆంటీయే," అంది.