ఇంటికి ఒక్కరే పెద్ద

మొగుడు ఆఫీసు నుంచి వచ్చి, బూట్లయినా విప్పకుండా సోఫాలో కూలబడి ఫోన్ తీశాడు. బట్టల సబ్బు మీద ఆన్‌లైన్ సర్వే. ఇంటికొక్కరే, అదీ ఇంటి పెద్దే జవాబులివ్వాలి. పూర్తిచేస్తే మూడొందలు.

గొంతు సవరించుకుని మరీ ‘ఇంటి పెద్దను నేనే’ అన్నచోట నొక్కాడు.

‘క్షమించండి. మీ ఇంటి పెద్ద ఈ సర్వే ఇదివరకే పూర్తిచేశారు.’

అరికాలి మంట నెత్తికెక్కింది. వంటింట్లోకి వెళ్ళి పెళ్ళాన్ని నిలదీశాడు.

“ఎప్పుడయ్యావే ఇంటి పెద్దవి? నాతో ఒక్క మాట చెప్పొద్దూ?”

ఆవిడ తడిచేతులు తుడుచుకుని తన ఫోన్ చూపించింది. అందులోనూ అదే క్షమాపణ.

“మీరే కొట్టేశారనుకుని పొద్దుట్నుంచీ తిట్టుకుంటున్నా.”

ఇద్దరూ మొహామొహాలు చూసుకున్నారు. ఇంట్లో ఇంకున్నది అతని తల్లి ఒక్కతే. ఆవిడకు ఫోన్లో పచ్చ గుండీ, ఎర్ర గుండీ తప్ప ఇంకేమీ తెలియదని ఇద్దరికీ గట్టి నమ్మకం.

“ఒరేయ్ అబ్బాయ్, మూడొందలు పడ్డాయట. ఎలా తీసుకోవాలిరా?” పక్కగదిలోంచి పిలిచింది తల్లి.

“నీకివన్నీ ఎవరు నేర్పారమ్మా?”

“రోజూ ప్రశ్నలు పైకి చదువుతూ నొక్కుతావుగా, విని విని వచ్చేసింది. అన్నీ సులువే గానీ, ‘మీ మీద ఆధారపడినవాళ్ళు ఎంతమంది’ అన్నచోట కాస్త ఆలోచించాను.”

“ఏమని పెట్టావు?”

“ఇద్దరని.”