మన్నన

కమ్మరి వేసిన దెబ్బకు బానిస మెడలోని ఇనుప కడియం విరిగి ఇసుకలో పడింది.

"ఇక మీరు స్వతంత్రులు. లేవండి," అన్నాడు దొర.

ఆ ఎడారి రాజ్యంలో 'ఒరేయ్' బానిసలకు, 'మీరు' స్వతంత్రులకు. పుట్టాక మొదటిసారి ఆ మన్నన విన్న బానిసకు కళ్లు చెమర్చాయి.

దొర గుమ్మం దాకా వెళ్లి వీధిలోకి చూస్తున్నాడు.

"ఏమండోయ్, ఇంత మర్యాదకి ఏం ఘనకార్యం చేశారేంటి?" కమ్మరి నవ్వుతూ గుసగుసలాడాడు. "నాకు గుక్కెడు నీళ్లు పోయడానికే ఏడుస్తాడు మీ దొర!"

"ఆయన చెప్పారనే మొన్న వాళ్ల అన్నగారి నీటి తిత్తులన్నీ కోసేశాను మామా."

కమ్మరి నవ్వు ఆగిపోయింది.

"చచ్చావు పో! ఇక్కడ నీళ్లు పారబోస్తే ఉరే. పట్టుబడేటప్పటికి బానిసైతే దొరకి ఉరి. స్వతంత్రుడైతే వాడికే."

భటులు లోపలికి వచ్చారు. "తిత్తులు కోసింది వీరే," అని దొర వేలు చూపించాడు.

బానిస ఆయన కాళ్ల మీద పడ్డాడు. "దొరా, నన్ను ఒక్కసారి 'ఒరేయ్' అనండి! వీళ్లు వినేలా ఒక్కసారి!"

దొర కాళ్లు వెనక్కి తీసుకున్నాడు.

"తప్పండీ. పెద్దమనుషుల్ని అంత మాట అనకూడదు."