చూసుకునే మనిషి

ల్యుబోర్ హాల్లోకి రావడం చూడగానే రాడిమ్‌కి ఒళ్లు మండింది.

చెక్ దేశంలోని బ్ర్నో నగరంలో ఏటా జరిగే సమావేశం అది. కంప్యూటర్లను నడిపే లినక్స్ ఒకటే అయినా, దాన్ని తలా ఒక తీరుగా మార్చి పంచేవాళ్లు అక్కడ చేరతారు. రాడిమ్ రాసిన బొమ్మల ప్రోగ్రాం ఒకరి దగ్గర నడిస్తే ఇంకొకరి దగ్గర చతికిలపడుతుంది. ఒక్కొక్కరి కోసం విడివిడిగా అతుకులేసి అతని ప్రాణం విసిగిపోయింది. అందరికీ ఒకే పద్ధతి ఈరోజు ఖాయం కావాలి. లేదంటే ప్రోగ్రాం మూసేసి బావమరిది బేకరీలో చేరిపోవాలనుకున్నాడు.

ఇక్కడ చేతులెత్తినంత మాత్రాన ఏదీ ఖాయం కాదు. ఒక మనిషి లేచి, "ఈ కోడ్ ఇకపై నేను చూసుకుంటాను" అనాలి. ఆ మనిషి సోవా. ఆ ఒకే పద్ధతికి కోడంతా రాసింది అతనే. అది మారుపేరు. అసలు పేరు, ముఖం ఎవరికీ తెలియవు. ఏళ్లుగా రాత్రిళ్లు రాడిమ్‌తో టైపు చేస్తూ కబుర్లాడిన స్నేహితుడు. రాడిమ్‌ని భార్య వదిలి వెళ్లిన రోజుల్లో తిట్టి అన్నం తినిపించింది కూడా ఆ కబుర్లే. "రేపు వస్తా, అందరి ముందూ చెప్తా" అని నిన్ననే మాటిచ్చాడు.

అడ్డం పడేది ల్యుబోర్. పెద్ద కంపెనీ మనిషి. ఏటా వస్తాడు, ఏటా కాదంటాడు. ఈసారి మెడలో కంపెనీ బిళ్ల లేదు. ఎక్కడో మర్చిపోయి ఉంటాడు.

"వాడి జీతం వాడిచేత అలా మాట్లాడిస్తుంది. పోనీలే నాయనా" అంది అధ్యక్షురాలు ఇవెతా.

అందరికంటే ముందు ల్యుబోరే లేచాడు. గొంతు సవరించుకున్నాడు.

"కూర్చోరా. ఈ ఏడు నిన్ను నోరు తెరవనివ్వను" అన్నాడు రాడిమ్.

ల్యుబోర్ నవ్వాడు. "అరిచింది చాల్లే. నన్ను ఒక్క మాట చెప్పనివ్వు."

ఆ నవ్వే కొంప ముంచింది. రాడిమ్ బల్ల మీదుగా దూకాడు. మొదటి గుద్దుకి ముక్కు చితికింది. రెండో గుద్దుకి పన్ను ఊడి కీబోర్డు మీద పడింది. ల్యుబోర్ కుర్చీలతో సహా వెనక్కి కూలాడు. ఒక్క దెబ్బ కూడా తిరిగి వెయ్యలేదు. దాంతో రాడిమ్‌కి ఇంకా మండింది.

"ఈ చేత్తోనేగా అభ్యంతరాలన్నీ రాశావు" అంటూ అతని కుడిచేతి మీద బూటుకాలు వేసి తొక్కాడు. ఎముక విరిగిన చప్పుడు హాలంతా వినపడింది.

"వాడు చచ్చిపోతాడు, లాగండ్రా" అంది ఇవెతా. నలుగురు కలిసి రాడిమ్‌ని లాగారు. ల్యుబోర్ ఏదో చెప్పబోయాడు. నోట్లోంచి రక్తం తప్ప మాట రాలేదు. అంబులెన్స్ వచ్చి తీసుకుపోయింది.

పోలీసులు వచ్చేలోగా రాడిమ్ వాచిన పిడికిలికి మంచుముక్కలు పెట్టుకున్నాడు. అతనికి నిజంగా హాయిగా ఉంది.

"ఇక అడ్డం పడేవాడు లేడు. సోవా రాగానే ఖాయం చేసేద్దాం" అన్నాడు.

ఫోన్ మోగింది. సోవా రాశాడు:

"దవడ కదలడం లేదు, ఎడమచేత్తో టైపు చేస్తున్నా, ఆ కోడ్ నేనే చూసుకుంటానని వాళ్లకి నువ్వే చెప్పు."